గాజు చుట్టూ గీస్తే గుడ్డు వచ్చింది: రెండేళ్లు వాడాక నా పెన్ టాబ్లెట్

స్క్రీన్ లేని చిన్న టాబ్లెట్, 6×4 అంగుళాలది; దాని మీద పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. బి.ఎఫ్.ఏ. (చిత్రకళ డిగ్రీ)లో చేరినప్పటి నుంచీ, లైఫ్ డ్రాయింగ్ (ఎదుట ఉన్న మోడల్‌ని చూసి గీసే) క్లాసులో చార్‌కోల్‌తో వేసిన బొమ్మల్ని ఇంటికొచ్చి దీనిమీద మళ్లీ గీసి, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (వెలుగునీడలు దిద్దడం) చేస్తున్నాను.

నా కోపమంతా ఒక్క సెట్టింగ్ మీదే. డ్రైవర్ (టాబ్లెట్‌ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) వేయగానే టాబ్లెట్ మొత్తం స్క్రీన్ మొత్తానికీ సాగి కూర్చుంటుంది. టాబ్లెట్ వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 3:2, నా లాప్‌టాప్‌ది 16:9. అంటే చెయ్యి అడ్డంగా కదిలినప్పుడల్లా గీత నిలువుతో పోలిస్తే 18 శాతం పైనే ఎక్కువ సాగుతుంది. చూసుకుంటూ మెల్లగా గీసే చోట కన్ను దాన్ని సర్దేస్తుంది, అందుకే చాలాకాలం బయటపడలేదు. జెశ్చర్ (మోడల్ నిలుపుని గబగబా పట్టే బొమ్మ) వేసేటప్పుడు, భుజం నుంచి మడమ దాకా ఒక్క ఊపులో లాగే గీతకు అంత తీరిక ఉండదు. చెయ్యి కాగితం మీద అలవాటైన వాలులోనే పోతుంది.

ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ మోడల్‌ని తీసుకోండి. భుజాల గీత ఒకవైపు, నడుం గీత రెండోవైపు వాలితేనే ఆ నిలుపుకి ప్రాణం. చెయ్యి 20 డిగ్రీల వాలు గీస్తే స్క్రీన్ మీద అది 17కి పడిపోతుంది. ఆ కాస్త తేడాకే మనిషి బిగుసుకుపోతాడు. మా సార్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి, "కాగితం మీద సన్నగా ఉన్న పెద్దాయన కంప్యూటర్‌లోకి రాగానే లావెక్కాడేంటమ్మా?" అన్నారు. అనాటమీ మళ్లీ చూసుకోమన్నారు. చూసుకున్నాను. కొలతలన్నీ కాగితం మీద సరిగ్గానే ఉన్నాయి.

చివరికి చేతి గాజు తీసి టాబ్లెట్ మీద పెట్టి, లోపలి అంచు వెంట పెన్ను తిప్పాను. స్క్రీన్ మీద పడుకున్న గుడ్డు వచ్చింది! ఏడుపొచ్చింది నిజంగా. నిష్పత్తి చెదరకుండా ఉంచే టిక్కు డ్రైవర్‌లోనే ఉంది, ఎక్కడో అడుగున. అది పెడితే టాబ్లెట్ నిలువులో అర అంగుళానికి పైగా చోటు పోతుంది, గుండ్రం మాత్రం గుండ్రంగా వస్తుంది. బొమ్మలు వేసేవాళ్ల కోసమని డబ్బా మీద రాసి అమ్మే వస్తువులో ఇది మొదటి నుంచే ఎందుకు పెట్టి ఇవ్వరు? పైగా డ్రైవర్ అప్‌డేట్ అయితే ఆ టిక్కు పోతుంది. కాలేజీలో ప్రొజెక్టర్ తగిలిస్తే రెండు తెరలకూ కలిపి సాగి ఇంకా ఘోరం.

కొత్తలో ఈ పెన్ను 8192 ప్రెషర్ స్థాయిల (చేతి ఒత్తిడిని ఎంత సన్నగా గుర్తిస్తుందో చెప్పే లెక్క) గురించి క్లాసంతా చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను. క్రిటాలో ప్రెషర్ కర్వ్ (ఎంత నొక్కితే ఎంత గీత పడాలో చెప్పే సెట్టింగ్) మార్చుకున్నాకే, చెంప మీద నీడ వెలుగులోకి కరిగే ఆ మెత్తటి అంచు చేతికి దొరికింది. కాగితంలా ఉందని మెచ్చుకున్న టాబ్లెట్ గరుకు కూడా పెన్ను నిబ్బుల్ని తొందరగా అరగదీస్తోంది.

స్క్రీన్ ఉన్నది కొనే స్తోమత లేదు కాబట్టి నేను దీంతోనే కొనసాగుతాను. ఫొటోలు దిద్దుకునేవాళ్లకి ఈ గొడవ పెద్దగా తగలకపోవచ్చు. మోడల్ ఎదుట కూర్చుని గీసేవాళ్లయితే ఒక సైజు పెద్దది చూసుకోండి, ఆ కోత పోయాక కూడా మోచెయ్యి ఆడేంత చోటు మిగిలేది.