మూడేళ్లు సొంతంగా స్పానిష్: నాకు పనికొచ్చినవి, పనికిరానివి

ఏడో తరగతి అయిపోయిన వేసవి సెలవుల్లో స్పానిష్ మొదలుపెట్టాను. మొన్ననే పదో తరగతి పరీక్షలు అయ్యాయి. మా బడిలో స్పానిష్ లేదు, ఊళ్లో చెప్పేవాళ్లూ లేరు. నాన్న పాత ఫోన్, రోజుకో అరగంట, ఒక లాంగ్ నోట్‌బుక్, అంతే.

మొదటి ఏడాదంతా ఒక ఉచిత యాప్ వాడాను. ఒక్కరోజు కూడా మానలేదు. పదాలు బాగానే వచ్చాయి. కానీ ఏడాది చివర్లో అద్దం ముందు నిలబడి నా గురించి నాలుగు మాటలు చెబుదామంటే నోరు పెగల్లేదు. తెర మీద కనిపించే పదాల్ని వరసగా నొక్కడం అలవాటైంది గానీ, సొంతంగా వాక్యం కట్టడం రాలేదు. ఆ రోజు చాలా బాధేసింది.

తర్వాత దొరికింది లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వాళ్ల ఆడియో కోర్సు. ఇదీ ఉచితమే, 90 పాఠాలు. కోర్సు చెప్పే మిహాలిస్ ఎలెఫ్తెరియూ ఒక విద్యార్థికి పాఠం చెబుతుంటే మనం వింటాం. ఆయన ప్రశ్న అడగ్గానే ఆడియో ఆపి మనమే పైకి జవాబు చెప్పాలి. ఆపకుండా వింటే ఏమీ రాదు. ఆయన నోట్స్ రాయొద్దంటారు. నేను మాత్రం పాఠం అయ్యాక రాసుకున్నాను, అదీ తెలుగులో.

నాకు స్పానిష్ నిజంగా అర్థమవడం ఆ తెలుగు నోట్స్‌తోనే మొదలైంది. ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’ అంటే ‘నాకు మామిడిపండ్లు ఇష్టం’. ఇంగ్లిష్‌లో ఇక్కడ ‘నేను’ వస్తుంది, స్పానిష్‌లో మనలాగే ‘నాకు’. ‘ఆబ్లో’ అంటే చాలు, ‘మాట్లాడతాను’ అన్నట్టే, ‘నేను’ విడిగా చెప్పక్కర్లేదు. కోమీ, కోమీయా అనే రెండు భూతకాలాల దగ్గర మాత్రం రెండు వారాలు ఇరుక్కుపోయాను, రెంటికీ పక్కన ఇంగ్లిష్‌లో ‘ఏట్’ అనే రాసుకోవడం వల్ల. నిన్న తిన్నాను అంటే కోమీ. చిన్నప్పుడు రోజూ తినేదాన్ని అంటే కోమీయా. ఇలా రాసుకున్న రోజే ఆ టెన్షన్ పోయింది. తెలుగు పిల్లలెవరైనా స్పానిష్ నేర్చుకుంటుంటే, దయచేసి అర్థాలు ఇంగ్లిష్‌లో రాసుకోకండి.

ఉచ్చారణలోనూ మనకు కష్టం తక్కువ. వాళ్లది ‘ట’ కాదు, మన ‘త’. ‘పెరో’ అంటే ‘కానీ’, ‘పెర్రో’ అంటే ‘కుక్క’. గుర్రంలో ‘ర్ర’ పలికితే సరిపోతుంది. అల్మారాని ‘అర్మారియో’ అంటారని తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది. మనకు ఆ మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిందట.

తెలుగు సాయం చేయని చోటు లింగం. స్పానిష్‌లో వస్తువుల పేర్లకీ లింగం ఉంటుంది, పుంలింగమైతే ముందు ‘ఎల్’, స్త్రీలింగమైతే ‘లా’. బల్ల స్త్రీలింగం, ‘లా మేసా’. మామూలుగా ‘ఆ’తో ముగిసేవి స్త్రీలింగం, ‘ఓ’తో ముగిసేవి పుంలింగం. కానీ ‘ఆ’తో ముగిసినా ‘ఎల్ ప్రోబ్లేమా’ (సమస్య) పుంలింగం, ‘ఓ’తో ముగిసినా చెయ్యి స్త్రీలింగం, ‘లా మానో’. దీనికి దగ్గరి దారేమీ దొరకలేదు, ప్రతి పదాన్నీ ఎల్, లాతో కలిపే బట్టీ పట్టాను.

వినడానికి ఏడాదిగా డ్రీమింగ్ స్పానిష్ వీడియోలు చూస్తున్నాను. బొమ్మలు గీస్తూ, సైగలు చేస్తూ నెమ్మదిగా మాట్లాడతారు. మొదలుపెట్టేవాళ్ల వీడియోలు ఇప్పుడు ఆపకుండా అర్థమవుతున్నాయి. స్పానిష్ ఎంత వచ్చో చూసి సర్టిఫికెట్ ఇచ్చే దేలే పరీక్షల్లో బడి పిల్లల కోసం ఏ2/బీ1 స్థాయిల పేపర్ ఉంది, అది రాయాలని ఉంది.

ప్రస్తుతం సబ్‌జంక్టివ్ దగ్గర, అంటే కోరికలు, సందేహాలు లాంటివి చెప్పేటప్పుడు వచ్చే క్రియారూపం దగ్గర, ఆగాను. ‘కియెరో కె బెంగాస్’, అంటే నువ్వు రావాలని కోరుకుంటున్నాను. ఆ ‘రావాలని’ని పట్టుకుని నోట్‌బుక్‌లో కొత్త పేజీ మొదలుపెట్టాను.