షియాన్‌లో ఆరు రోజులు: మట్టి సైనికుల కంటే ఎక్కువగా గుర్తున్నవి

షియాన్ వెళ్తున్నామని చెప్పినప్పుడు అంతకుముందు చైనా చూసివచ్చిన మిత్రులు దాదాపు ఒకే సలహా ఇచ్చారు. మట్టి సైనికులకు, అంటే చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పాతిపెట్టిన నిలువెత్తు మట్టి బొమ్మలకు, ఒక రోజు, కోట గోడకు ఒక పూట కేటాయించి, మరుసటి ఉదయం బీజింగ్ రైలు ఎక్కమన్నారు. మేము మాత్రం అక్టోబరు మూడో వారంలో అక్కడ ఆరు రోజులు ఉన్నాము. మాతో వచ్చిన అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. గుంటూరు జిల్లా పాఠశాలల్లో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించింది. ఏడో శతాబ్దంలో ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతికి వచ్చి, కొన్ని నెలలు అక్కడే ఉండి ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం, అంటే బౌద్ధ తత్త్వశాస్త్రం, చదువుకున్న చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ గురించి ఎన్నో తరగతులకు పాఠం చెప్పిన మనిషి. ఆ యాత్రికుడు తిరిగి చేరిన ఊరు ఇదే. అప్పటి పేరు చాంగాన్. అందువల్ల మా ప్రయాణానికి అసలు కారణం మట్టి సైనికులు కాదు, ఆయనే. స్థానికులు ఆయనను 'షువాన్‌జాంగ్' అంటారు. మన పాఠ్యపుస్తకాల ఉచ్చారణతో అడిగితే అక్కడ ఎవరికీ అర్థం కాదు కనుక ఈ పేరు గుర్తుంచుకోవడం మంచిది.

మొదటి మూడు రాత్రులు కోట గోడ లోపల, దక్షిణ ద్వారానికి దగ్గరగా, షూయువాన్‌మెన్ వీధి పక్క సందులో ఒక చిన్న సత్రంలో ఉన్నాము. నడుమ వాకిలి, చుట్టూ గదులు ఉన్న పాత పద్ధతి ఇల్లు అది. రాత్రి తొమ్మిది దాటితే సందు నిశ్శబ్దమైపోయేది. ఉదయం లేవగానే కుంచెలు, సిరా రాళ్లు అమ్మే అంగళ్లు తెరుస్తుండేవారు. అయితే లిఫ్టు లేదు, మా గది రెండో అంతస్తులో ఉంది, స్నానాల గది ఇరుకు. అమ్మ మోకాళ్ల కోసం తరువాతి రాత్రులకు నగరానికి దక్షిణాన, పెద్ద గోపురం దగ్గర, ఒక బహుళ అంతస్తుల హోటలుకు మారాము. అక్కడ లిఫ్టు, విశాలమైన గది, ఉదయపు ఫలహారం అన్నీ ఉన్నాయి కాని, కిందికి దిగితే రాత్రి పదింటి వరకూ జనసమ్మర్దం, సంగీతం. పెద్దవాళ్లు లేకుండా వెళ్లేవారు నిస్సందేహంగా గోడ లోపలే ఉండాలి. పెద్దవాళ్లతో వెళ్లేవారు కూడా గోడ లోపలే లిఫ్టు ఉన్న హోటలు వెతుక్కోవాలని నా అభిప్రాయం. రెండు చోట్లా పాస్‌పోర్టులు తీసుకుని మా వివరాలు పోలీసు నమోదుకు వాళ్లే పంపారు, మాకు ఏ ఇబ్బందీ కలగలేదు.

కోట గోడ మింగ్ రాజవంశం కాలం నాటిది, 1370లో నిర్మాణం మొదలైంది. చుట్టుకొలత దాదాపు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. పైభాగం రెండు లారీలు పక్కపక్కన పోయేంత వెడల్పు. సైకిళ్లు అద్దెకిస్తారు, నడవలేనివారికి బ్యాటరీ బండ్లు ఉన్నాయి. మనిషికి 54 యువాన్ల టికెట్టు. ఇటీవలి దశాబ్దాల్లో చాలా భాగాన్ని బాగుచేశారు కనుక ఇటుకలు కొన్నిచోట్ల మరీ కొత్తగా కనిపిస్తాయి. అయినా సాయంత్రం అయిదు గంటలకు దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, ఒకవైపు పాత ఊరి కప్పులు, మరొకవైపు ఆకాశహర్మ్యాలు చూస్తూ సాగడానికి ఆ డబ్బు ఏమాత్రం ఎక్కువ కాదు. నగరం నడిబొడ్డున ఉన్న గంట గోపురాన్ని కింది నుంచి దీపాల వెలుగులో చూస్తే సరిపోతుంది, లోపలికి వెళ్లనవసరం లేదు.

మట్టి సైనికుల విషయంలో మేము ఒక పొరపాటు చేశాము. ఇంగ్లీషు మాట్లాడే గైడు ఉంటాడన్న ఆశతో ఒక ట్రావెల్ ఏజెన్సీ బస్సులో సీట్లు తీసుకున్నాము. ఆ బస్సు మమ్మల్ని ముందుగా బొమ్మలు తయారుచేసే ఒక కర్మాగారానికి, ఆ తరువాత పచ్చరాళ్ల దుకాణానికి తీసుకువెళ్లి, రెండు చోట్లా కలిపి దాదాపు రెండు గంటలు కూర్చోబెట్టింది. అసలు చోటికి చేరేసరికి మధ్యాహ్నమైంది, జనం కిక్కిరిసి ఉన్నారు. మెట్రో మొదటి లైనులో ఫాంగ్‌జీచంగ్ వరకు, అక్కడ తొమ్మిదో లైనుకు మారి హ్వాచింగ్ చీ వరకు వెళ్లి, అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కితే ఎవరి సాయమూ లేకుండా తలుపులు తెరిచే వేళకే చేరవచ్చని తరువాత తెలుసుకున్నాము. టికెట్టు 120 యువాన్లు, పాస్‌పోర్టు నంబరుతో ముందుగా తీసుకోవాలి.

అంత చిరాకులోనూ మొదటి గోతి ముందు నిలబడగానే అందరం మౌనంగా ఉండిపోయాము. 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉన్న ఆ మంటపం కింద వరుసలు వరుసలుగా నిలువెత్తు మనుషులు. ఏ ఇద్దరి ముఖాలూ ఒకేలా లేవు. 1974లో నీళ్ల కోసం బావి తవ్వుతున్న రైతులకు ఇవి బయటపడ్డాయి. నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి మాత్రం గోతి వెనుక భాగంలో ఇంకా అతికించవలసిన ముక్కల కుప్పలు. తవ్వి తీయగానే గాలి తగిలి రంగులు రాలిపోయాయి కనుకనే ఆ తొలి చక్రవర్తి చిన్ షీ హ్వాంగ్ సమాధి దిబ్బను ఈనాటికీ తవ్వలేదని గైడు చెప్పినప్పుడు, ఆ ఓర్పు పట్ల నాకు గౌరవం కలిగింది. కంచు రథాలు ఇప్పుడు సమాధి ఉద్యానంలోని వేరే మ్యూజియంలో ఉన్నాయి. అదే టికెట్టుపై ఉచిత బస్సులో వెళ్లవచ్చు. మా బస్సు ఆగదన్నందున మేము వాటిని చూడలేకపోయాము, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నాలుగో రోజు చూసిన శిలాశాసన వనం (స్థానికంగా 'బేలిన్') గురించి మాత్రం ఎంత రాసినా తక్కువే. పాత కన్ఫ్యూషియస్ ఆలయంలో 1087లో మొదలైన సంగ్రహం ఇది. తాంగ్ రాజవంశం వారు 837లో పూర్తిచేయించిన 114 పలకలపై పన్నెండు కన్ఫ్యూషియన్ గ్రంథాలు చెక్కి ఉన్నాయి. చేతిరాత ప్రతుల్లో తప్పులు దొర్లకుండా, పరీక్షలకు చదివేవారు వచ్చి సరిచూసుకునేందుకు వీలుగా, రాతి మీద నిలిపిన ప్రామాణిక పాఠం అది. 781 నాటి క్రైస్తవ శాసనం మీద చైనా లిపి పక్కన సిరియాక్ అనే పశ్చిమాసియా భాష అక్షరాలు ఉన్నాయి. మేము వెతుక్కుంటూ వెళ్లింది 672 నాటి మరో రాయి. హ్యూయాన్‌త్సాంగ్ అనువాదాలకు తాంగ్ చక్రవర్తి తైజాంగ్ రాసిన ముందుమాటను, నాలుగో శతాబ్దపు మహా లిపికారుడు వాంగ్ షీజీ చేతిరాతల నుంచి ఒక్కొక్క అక్షరం ఏరి కూర్చి, హ్వాయ్‌రెన్ అనే భిక్షువు చెక్కించాడు. చివర్లో ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే బౌద్ధ గ్రంథం కూడా ఉంది. ఒక మూలన పనివాళ్లు తడి కాగితాన్ని రాతికి అంటించి, సిరా అద్దిన మెత్తతో తడుతూ నకలు తీస్తున్నారు. ఆ చప్పుడు గదంతా వినిపించేది. అమ్మ గంటసేపు అక్కడి నుంచి కదలలేదు. వివరణ పలకల్లో ఇంగ్లీషు తక్కువ, అది పెద్ద లోపం. వెళ్లేముందు ఏమి చూడాలో రాసుకుని వెళ్లనివారికి ఇవన్నీ నల్లరాళ్లుగానే మిగులుతాయి.

పెద్ద గోపురం, దాయాన్‌తా, 652లో హ్యూయాన్‌త్సాంగ్ కోరిక మీద కట్టినది. 645లో ఆయన భారతదేశం నుంచి తెచ్చిన 657 గ్రంథాలను భద్రపరచడం దాని ఉద్దేశం. పేరులోని 'యాన్' అంటే హంసను పోలిన అడవి బాతు. మగధలోని ఒక హంస స్తూపం కథను ఆయన తన యాత్రా గ్రంథంలో రాశాడు, ఈ పేరుకు మూలం ఆ కథేనని చెబుతారు. ఇప్పుడున్న ఏడంతస్తుల రూపం దాదాపు 64 మీటర్ల ఎత్తు. పైకెక్కడానికి వేరే టికెట్టు తీసుకోవాలి, మెట్లు నిటారుగా ఉంటాయి, పైన కిటికీల నుంచి కనిపించేది ఆధునిక నగరమే. ఎక్కలేకపోయినవారు చింతించనవసరం లేదు, ఎందుకంటే అసలు సంపద కిందే ఉంది: దక్షిణ ద్వారానికి ఇరువైపులా 653 నాటి రెండు శాసనాలు జాలీ వెనుక ఉన్నాయి, అందరూ వాటిని దాటుకుని మెట్ల వైపు వెళ్లిపోతున్నారు. గోపురానికి దక్షిణాన తాంగ్ కాలం పేరుతో కట్టిన దీపాల వీధి పిల్లలకు నచ్చవచ్చు; కాని దానిని చరిత్రగా చూపించడం నాకు నచ్చలేదు.

షాన్షీ చరిత్ర మ్యూజియం ప్రవేశం ఉచితమే అయినా ముందుగా సమయం నమోదు చేసుకోవాలి, మాకు దొరకలేదు. దానికి బదులుగా చిన్న గోపురం, షావోయాన్‌తా, ఆవరణలోని షియాన్ మ్యూజియానికి వెళ్లాము. ఈ మార్పు మా అదృష్టం. సముద్ర మార్గాన నలందాకు వెళ్లి 695లో తిరిగి వచ్చిన మరో చైనా యాత్రికుడు ఇత్సింగ్ అనువాదాలు చేసిన ఆశ్రమం ఇదే. పాత రావిచెట్ల కింద పెద్దవాళ్లు వ్యాయామం చేసుకుంటుంటే బెంచీ మీద కూర్చుని గోపురాన్ని చూడవచ్చు, ఎవరూ తొందరపెట్టరు అని రాయాలనిపించింది, కాని అవి రావిచెట్లు కావు, పగోడా వృక్షాలనే వేరే జాతివి. పెద్ద గోపురం, చిన్న గోపురం రెండింటిలో ఒక్కటే చూసే వీలుంటే నేను చిన్నదే ఎంచుకుంటాను.

శాకాహారులు భయపడవలసిన పని లేదు. 'వో చి సు' అంటే శాకాహారం తింటానని అర్థం. ఆ మూడు ముక్కలతోపాటు మాంసం, చేప, గుడ్డు వద్దన్న చీటీని చైనా లిపిలో ఫోనులో ఉంచుకున్నాము. బియాంగ్‌బియాంగ్ అనే వెడల్పాటి గోధుమ పట్టీల మీద కారం, వెల్లుల్లి వేసి, పైన కాగే నూనె పోస్తారు; ఆ సుయ్‌మన్న చప్పుడుకు అమ్మ "తాలింపు పెట్టారు" అంది. ముస్లిం పేటలో దానిమ్మ రసం బాగుంటుంది. ఆ పేట నడిమధ్యనున్న మహా మసీదు చైనా శైలిలో వరుస ప్రాంగణాలతో కట్టినది. బయటి వీధి గోల తరువాత అందులోకి అడుగుపెట్టడమే ఒక విశ్రాంతి. చెల్లింపులన్నీ ఫోనులోని అలీపే యాప్‌తోనే జరిగాయి. వీసా కార్డును ఇక్కడే జతచేసుకుని వెళ్లాము. గూగుల్ మ్యాపులు అక్కడ అక్కరకు రావు.

చివరి రోజు కారు మాట్లాడుకుని నగరానికి ఆగ్నేయంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని షింగ్‌జావో ఆలయానికి వెళ్లాము. 664లో మరణించిన హ్యూయాన్‌త్సాంగ్ అస్థికలను 669లో ఇక్కడికి మార్చారు. అయిదంతస్తుల ఇటుక గోపురం ఆయనది. ఇరుపక్కలా మూడంతస్తుల చిన్న గోపురాలు శిష్యులు కుయ్‌జీ, కొరియా దేశీయుడు వొన్‌చుక్‌లవి. 2014లో పట్టుదారి (సిల్క్ రోడ్) కట్టడాలతోపాటు యునెస్కో జాబితాలో చేరినా, మేమున్న రెండు గంటల్లో మరో నలుగురే వచ్చారు. అమ్మ అమరావతి నుంచి ఒక చిన్న డబ్బాలో కృష్ణ ఒడ్డు ఇసుక తెచ్చుకుందని అప్పటిదాకా నాకు తెలియదు. అక్కడ పోయవచ్చా అని ఒక భిక్షువును ఫోను అనువాదంతో అడిగాము. ఆయన ఊరి పేరు రెండుసార్లు అడిగి, 'నాన్ యిందు', అంటే దక్షిణ భారతం, అని తనలో తాను అనుకుని, గోపురం పక్కనున్న చెట్టు మొదలు చూపించాడు.