గాయాల ఓపీ, వకీలు, పేషీలు: అయిదేళ్లు నడిచిన ఫైలు మీద సమీక్ష

రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్న మనిషి వేసే పరిహారం కేసును మన దిక్కు కోర్టుల్లో ఓపీ (ఒరిజినల్ పిటిషన్) అంటారు. ఫైలు మీద ఎం.వి.ఓ.పి. అని నంబరు పడుతుంది. కాలు విరిగిన కేసు ఒకటి, పిటిషన్ నుంచి బ్యాంకులో డబ్బు పడేదాకా అయిదేళ్లు నడిచింది. మధ్యలో వకీలును కూడా మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఫైలును మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా తిరగేసి రాస్తున్న సమీక్ష ఇది. చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోయే 65వ నంబరు హైవే మీదనో, జడ్చర్ల, కొత్తకోట దిక్కు 44వ నంబరు హైవే మీదనో దెబ్బలు తగిలి, పేషీల చుట్టూ తిరుగుతున్న వాళ్లకు పనికొస్తే చాలు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. చట్టం మంచిదే, పరిహారం లెక్క కట్టే పద్ధతీ మంచిదే. ఫైలు ఆగేది మూడు చోట్ల: నోటీసు దగ్గర, డాక్టరు సాక్ష్యం దగ్గర, అవార్డు (పరిహారం తీర్పు) తర్వాత డబ్బు దగ్గర. మూడు చోట్లా తోసేవాడు లేకుంటే ఫైలు కదలదు, తోయాల్సింది వకీలు. "కోర్టులంటే అంతే, టైం పడ్తది" అనే మాట విని ఊరుకోకండి. ఆలస్యం ఎవరి వల్ల జరుగుతుందో కాగితం మీదే కనిపిస్తుంది.

ముందు నోటీసు సంగతి. మామూలుగా ఒకటో ప్రతివాది బండి యజమాని, రెండో ప్రతివాది బీమా కంపెనీ. కంపెనీకి నోటీసు ఇట్టే అందుతుంది, వాళ్ల వకీలు వచ్చి వకాలత్ వేస్తాడు. చిక్కంతా యజమానితోనే. లారీ పక్క రాష్ట్రానిది, ఆర్.సి.లో ఉన్నది పాత అడ్రసు. కవరు 'ఇల్లు తాళం' అనో, 'ఈ చిరునామాలో లేరు' అనో తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టాలి, కొత్త అడ్రసు ఇవ్వాలి. అదీ కాకుంటే పేపరు ప్రకటనకు అనుమతి అడగాలి. ఒక్కో మెట్టుకు ఒక్కో వాయిదా, ఒక్కో వాయిదాకు నెలో రెండు నెలలో. బత్తా డబ్బు పెద్ద మొత్తం కాదు. కానీ అది కట్టలేదంటే ఆ ప్రతివాది మీద కేసు కొట్టేయొచ్చు, అప్పుడు దాన్ని తిరిగి తెరిపించడానికి ఇంకో పిటిషన్. ఆర్టీఏ ఆఫీసు నుంచి బండి వివరాలు మొదట్లోనే తీయిస్తే ఈ తంటా సగం తప్పుతుంది. నోటీసు అందినా యజమాని రాకపోతే అతణ్ని ఎక్స్‌పార్టీ (హాజరు కానివాడు) చేసి కంపెనీ మీద కేసు నడుపుతారు. అతని కోసం ఏళ్లు ఎదురుచూడాల్సిన పని లేదు.

ఆలస్యం ఎవరిదో తేల్చుకోవడానికి నాకు బాగా ఉపయోగపడ్డది ఈ-కోర్ట్స్ యాప్. కేసును గుర్తించే 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు వకీలు దగ్గరో, కోర్టు ఆఫీసులోనో అడిగి రాసుకోండి. యాప్‌లో కేసు తెరిస్తే పాత తారీఖులన్నీ వరసగా ఉంటాయి. చాలామంది తర్వాతి వాయిదా ఎప్పుడో చూసి మూసేస్తారు. అట్లా కాదు, ఒక్కో పాత తారీఖు మీద నొక్కాలి. ఆ రోజు ఏం జరిగిందో ఒకటి రెండు ముక్కల్లో ఉంటుంది. 'బత్తా నాట్ పెయిడ్' అంటే ఆలస్యం మన వకీలుది. 'కౌంటర్ నాట్ ఫైల్డ్' (జవాబు వేయలేదు) అంటే అవతలి కంపెనీది. జడ్జి సెలవు అని ఉంటే ఎవర్నీ అనేది లేదు. 'పెటిషనర్ కాల్డ్ ఆబ్సెంట్' (పిలిస్తే పిటిషన్ వేసినవాళ్లు లేరు) అని కనిపిస్తే మాత్రం ఆ రోజే బయల్దేరి వకీలు దగ్గరికి పొండి. అది రెండు మూడుసార్లు పడితే కేసును డిఫాల్ట్ కింద కొట్టేస్తారు. కొట్టేసిన కేసును తిరిగి తెరిపించడానికి ఉన్న గడువు 30 రోజులే. ఒక నోటుబుక్కులో తారీఖు, ఆ రోజు రాసిన ముక్క, ఆలస్యం ఎవరిది అని మూడు గడులు గీసి రాస్తూ పోతే ఆరు నెలల్లో మీ వకీలు పనితనం మీకే తెలుస్తుంది.

ఇక్కడ మన జిల్లాల సంగతి ఒకటి ఉంది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు వేరుగా జిల్లా కోర్టులు వచ్చాయి. నల్గొండలో ఉన్న సూర్యాపేట, భువనగిరి దిక్కు ఫైళ్లు, మహబూబ్‌నగర్‌లో ఉన్న నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దిక్కు ఫైళ్లు చేతులు మారాయి. ఆనాటి పాత కేసు ఇంకా తేలకుండా ఉంటే, పాత నంబరు పట్టుకుని తిరగకుండా ఇప్పుడది ఏ కోర్టులో ఏ నంబరుతో ఉందో ముందు చూసుకోండి.

కొత్తగా కేసు వేసేవాళ్లకు: ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, బాధితుడు ఉండే చోట కూడా వేయొచ్చు. దవాఖాన వరండాలో కలిసి "హైదరాబాద్‌లో వేద్దాం, ఎక్కువొస్తది" అనే మధ్యవర్తుల మాటకు పోవద్దు. విరిగిన కాలుతో సాక్ష్యానికి, క్రాస్‌కు (అవతలి వకీలు అడిగే ప్రశ్నలకు), సంతకాలకు అంత దూరం తిరగడం ఎంత కష్టమో మొదట్లో తట్టదు. 2022 ఏప్రిల్ 1 తర్వాతి ప్రమాదాలకు పిటిషన్ గడువు ఆరు నెలలని చట్టంలో చేరింది కాబట్టి, కట్టు విప్పినంక చూద్దాం అనుకోవద్దు. అదే తారీఖు నుంచి పోలీసులు ట్రిబ్యునల్‌కు (ఈ పరిహారం కేసులు వినే కోర్టుకు) ప్రమాదం తొలి నివేదిక 48 గంటల్లో, మధ్యంతర నివేదిక 50 రోజుల్లో, పూర్తి నివేదిక 90 రోజుల్లో పంపాలి. ఠాణాకు పోయినప్పుడు పూర్తి నివేదిక వెళ్లిందా అని అడిగి, నకలు తీసుకోండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ ముందు చెప్పరు. మొదట తీసుకుపోయిన దవాఖానలో ప్రమాదం ఎట్లా జరిగిందని రాశారో చూడండి. పేషెంటు స్పృహలో ఉండడు, వెంట వచ్చినవాళ్లు కంగారులో "బండి మీంచి పడ్డడు" అంటారు. డ్యూటీ డాక్టరు అదే రాసేస్తాడు. రెండేళ్ల తర్వాత కంపెనీ వకీలు ఆ ఒక్క లైను పట్టుకుని, లారీ తగలనే లేదు, తనంతట తానే జారిపడ్డాడు అని వాదిస్తాడు. తప్పు రాశారని తెలిస్తే వెంటనే ఠాణాలో ఇచ్చే వాంగ్మూలంలో అసలు సంగతి స్పష్టంగా చెప్పాలి, చూసిన సాక్షి పేరు ఇవ్వాలి. ఊళ్లో పెద్దమనుషులు రాయించే రాజీ కాగితంలో "తప్పు నాదే" అనే మాట ఉంటే దాని మీద సంతకం పెట్టొద్దు.

ఇక డాక్టరు సాక్ష్యం. కేసు విలువంతా ఇక్కడే ఉంది, కేసు ఎక్కువగా ఆగేదీ ఇక్కడే.

ఒక లెక్క చూడండి. 34 ఏళ్ల తాపీ మేస్త్రి, నెలకు 12,000 సంపాదన అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. సొంత పని చేసుకునే 40 ఏళ్ల లోపు వాళ్లకు ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు. ఇది 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన లెక్క. అంటే నెలకు 16,800, ఏడాదికి 2,01,600. వయసు 31 నుంచి 35 మధ్య ఉంటే గుణకం (ఏడాది సంపాదనను హెచ్చించే అంకె) 16. ఇది 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక. మొత్తం 32,25,600. సంపాదించే శక్తి 20 శాతం పోయిందని తేలితే 6,45,120 వస్తుంది. 10 శాతమే అంటే 3,22,560. డాక్టరు బోనెక్కకపోతే ఈ గుణకం లెక్క దాకా పోవడమే కష్టం, నొప్పికీ బాధకూ ఇంతని ఒక మొత్తం రాసి ముగించే ప్రమాదం ఉంది. దవాఖాన ఖర్చులు, ఆగిపోయిన నెలల కూలి, వెంట ఉన్న మనిషి ఖర్చు, రవాణా వేరే పద్దులు.

వైకల్యం సర్టిఫికెట్‌లో 40 శాతం అని ఉంటే 40 శాతం పరిహారం వస్తుందనుకుంటారు. రాదు. అది ఒక్క కాలికి సంబంధించిన శాతమా, మొత్తం ఒంటికా? క్రాస్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇదే. 2011లో అచ్చయిన రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పు ఈ తేడాను విడమరిచి చెప్పింది: ఒంట్లో లోపం ఎంత అన్నది ఒకటి, ఆ లోపం వల్ల ఆ మనిషి చేసే పనిలో సంపాదన ఎంత పోతుంది అన్నది వేరొకటి. మోకాలు 60 డిగ్రీలకు మించి వంగకపోతే కుర్చీలో కూర్చుని లెక్కలు రాసే మనిషికి పోయేది తక్కువ. తాటిచెట్టెక్కే గీత కార్మికుడికి పని మొత్తం పోయినట్టే. ఈ మాట డాక్టరు నోటి నుంచి రావాలి. కాబట్టి వకీలు ముందే డాక్టరును కలిసి, బాధితుడు ఏ పని చేస్తాడో, ఆ పనికి మోకాలు, మడమ ఎట్లా కావాలో చెప్పి ఉండాలి. తారీఖు ఉన్న కొత్త ఎక్స్‌రే, ప్లేటు, స్క్రూల వివరం, కాలు ఎన్ని సెంటీమీటర్లు పొట్టిబడ్డదో ఆ కొలత, ఎన్ని డిగ్రీలు వంగుతుందో ఆ కొలత చేతిలో ఉండాలి. మా ఫైలులో పాత వకీలు మూడు వాయిదాలు డాక్టరు పేరు మీద తీసుకున్నాడు. ఒక్కసారీ డాక్టరుకు సమన్లు పంపలేదు. యాప్‌లో ఆ మూడు తారీఖులూ నొక్కి చూస్తే ఒకే ముక్క ఉంది: సమయం కావాలని కోరారు. డాక్టరు కోర్టుకు రాలేనంటే కమిషనర్‌ను (కోర్టు తరఫున వెళ్లి సాక్ష్యం రాసుకునే మనిషిని) పెట్టించి దవాఖానలోనే సాక్ష్యం తీసుకోమని అడిగే దారి ఉంది. ఆ పిటిషన్ ఒకటి రెండు పేజీల పని.

మందుల బిల్లుల గురించి ఒక్క మాట. థర్మల్ కాగితం మీది అచ్చు ఏడాది రెండేళ్లలో వెలిసిపోతుంది. సాక్ష్యం వేళకు తెల్ల కాగితాలు చూపించాల్సి వస్తుంది. కొన్న వారంలోనే జిరాక్స్ తీయించి, అసలుతో కలిపి పిన్ను కొట్టి, ఆ మందు రాసిన చీటీ పక్కనే పెట్టండి. ప్లేటు తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలంటే దాని అంచనా డాక్టరుతో ఇప్పుడే రాయించండి. అవార్డు వచ్చాక దాన్ని మళ్లీ అడిగే వీలుండదు.

వకీలు ఫీజు. వచ్చిన దాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకోవడం మన దగ్గర అందరికీ తెలిసిన పద్ధతే. కానీ ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా అని ఒప్పుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనల్లో 20వది సూటిగా చెప్తుంది. ఇంత మొత్తం, ఏ దశలో ఎంత అని మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. ఖాళీ కాగితాల మీద సంతకాలు, ఖాళీ చెక్కులు, బ్యాంకు పాస్‌బుక్కు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మనసులో ఉన్నది చెప్తున్నా: ఫోన్ ఎత్తని వకీలుకన్నా, ఫోన్ ఎత్తి ప్రతిసారీ "అయిపోతది, నేను చూస్త కదా" అనే వకీలుతోనే ఎక్కువ నష్టం. మొదటివాణ్ని ఆరు నెలల్లో మారుస్తారు, రెండోవాణ్ని నమ్మి మూడేళ్లు పోగొట్టుకుంటారు.

మార్చాలనుకుంటే పాత వకీలు దగ్గర అభ్యంతరం లేదని సంతకం తీసుకుని కొత్త వకాలత్ వేయించాలి. సంతకం పెట్టనంటే కోర్టును అనుమతి అడగాలి, ఇస్తుంది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. వినియోగదారుల ఫోరానికి పోదామంటే ఆ దారి మూసుకుంది. వకీళ్ల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే 14న తీర్పు వచ్చింది. మిగిలింది రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు అడ్వకేట్ల చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు. దానికి మీ నోటుబుక్కులోని ఆ మూడు గడులే ఆధారం. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలును అడగొచ్చు. ఫోన్ నంబరు 15100.

లోక్ అదాలత్‌లో తేల్చుకోమంటే వెంటనే కాదనకండి, వెంటనే ఒప్పుకోనూ వద్దు. డాక్టరు సాక్ష్యానికి ముందు కంపెనీ చెప్పే మొత్తం తక్కువ ఉంటుంది, క్రాస్ అయ్యాక మాట మారుతుంది. అక్కడ సంతకం పెట్టాక అప్పీలు లేదు. పైన చూపిన లెక్క మీ వయసుకు, మీ సంపాదనకు కట్టుకుని ఆ కాగితం జేబులో పెట్టుకుని పొండి. లెక్కకు దగ్గరగా వస్తే మాత్రం ఒప్పుకోవడమే మేలు, కంపెనీ అప్పీలుకు పోయే బాధ తప్పుతుంది.

అవార్డు రోజునే నకలుకు దరఖాస్తు పెట్టించండి. కంపెనీ 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి, అప్పీలుకు దానికి 90 రోజులుంది. జమ కాకపోతే ఈ.పీ. (అవార్డు అమలు చేయించే పిటిషన్) వేయాలి. కంపెనీ తనంతట తాను కడుతుందని కూర్చుంటే ఇంకో ఏడాది పోతుంది. వడ్డీ మామూలుగా పిటిషన్ వేసిన నాటి నుంచి లెక్కిస్తారు. 7.5 శాతం అనుకుంటే పైన చెప్పిన 6,45,120 మీద ఏడాదికి 48,384. వడ్డీ తారీఖు అవార్డు నకలులో సరిగ్గా ఉందో లేదో సరిచూసుకోండి. డబ్బు నేరుగా బాధితుడి ఖాతాకే పంపే పద్ధతి పెట్టుకోవాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. డబ్బు విడుదల పిటిషన్‌లో మీ ఒక్కరి పేరు మీదున్న ఖాతా నంబరే రాయించండి.

అప్పీలు గడువు దాటాక, అసలు కాగితాలు తిరిగి ఇవ్వమని ఇంకో చిన్న దరఖాస్తు పెట్టండి. ప్లేటు తీసే డాక్టరుకు కోర్టు ఫైలులో ఉండిపోయిన ఆ పాత ఎక్స్‌రేలు కావాలి.