నార్మల్ హిల్లా, లార్జ్ హిల్లా?

స్కీ జంపింగ్ అంటే కాళ్లకి స్కీలు కట్టుకుని వాలు మీద జారుతూ వచ్చి, అంచు నుంచి గాల్లోకి ఎగిరి వీలైనంత దూరంలో దిగే ఆట. ఇందులో ఈ రెండు సైజుల కొండలకీ ఒలింపిక్ పతకాలు వేరువేరుగా ఇస్తారు. ఏది గెలవడం కష్టం? దూరం చూసి లార్జ్ అనేస్తారు చాలామంది. నా ఓటు మాత్రం నార్మల్‌కే.

దూరం: నార్మల్‌లో సుమారు 100 మీటర్లు, లార్జ్‌లో 130 పైనే.

పాయింట్లు: దిగే వాలు మీద లెక్క కోసం పెట్టిన గీత కె-పాయింట్. అక్కడ దిగితే దూరానికి 60. అది దాటాక మీటరుకి నార్మల్‌లో 2, లార్జ్‌లో 1.8.

రిస్క్: లార్జ్‌లో గాలిదే పెత్తనం. ఎదురుగాలి దొరికితే తేలిపోతారు, వెనక నుంచి కొడితే కూలబడతారు. గాలికి పాయింట్లు సర్దుతారు గానీ టెన్షన్ తప్పదు.

నార్మల్‌లో తప్పు దిద్దుకునే టైమే ఉండదు. అంచు దగ్గర కాళ్లు రెప్పపాటు ముందో వెనకో తన్నితే అంతే సంగతులు. దూరాల్లో తేడా తక్కువ కాబట్టి, ఒక కాలు ముందుకి పెట్టి మోకాళ్లు వంచి దిగే టెలిమార్క్‌కి జడ్జీలిచ్చే మార్కులే పతకాన్ని అటూ ఇటూ చేస్తాయి.

ఫిన్లాండ్ దిగ్గజం మట్టి నైకానెన్ 1984లో లార్జ్ గెలిచినా నార్మల్‌లో రజతంతో సరిపెట్టుకున్నాడు. 1988లో రెండూ కొట్టాడు. స్విట్జర్లాండ్ సైమన్ అమ్మన్ అయితే 2002లోనూ, 2010లోనూ రెండేసి!

తన్నులో బలం, టైమింగ్ ఉంటే నార్మల్. గాల్లో తేలే నేర్పుంటే లార్జ్. కొత్తవాళ్లకి రెండూ వద్దు, 20 మీటర్ల బుల్లి కొండ చాలు.