చేపల లారీకి పసుపు ఫాగ్ లైట్లు: మూడు చలికాలాలు వాడాక

ఎడమ అంచున తెల్ల గీత కనిపిస్తుంది. ఈ లైట్లు నాకు నచ్చింది దానికే. కైకలూరులో చేపలెత్తి హౌరా వెళ్లే బండికి డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున అంతకన్నా కావాల్సింది లేదు. 16వ నంబరు హైవే మీద బాలాసోర్ దాటాక పొలాల్లోంచి మంచు రోడ్డెక్కినప్పుడు హై బీమ్ వేస్తే ముందు తెల్లగోడ నిలబడుతుంది. డిమ్ వేసినా సగం గోడే. ఫాగ్ లైటు బంపరు దగ్గర్నుంచి బల్లపరుపుగా, పైకి చిమ్మకుండా పోతుంది. లారీలో డ్రైవరు కన్ను ఎత్తున ఉంటుంది కాబట్టి వెలుగుకూ చూపుకూ మధ్య ఎడం పెరిగి, కంట్లోకి తిరిగొచ్చే మెరుపు తగ్గుతుంది.

మొదటి చలికాలం ఈ గొప్పంతా పసుపు రంగుదే అనుకుని అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను. ఇప్పుడు చెప్పను. పొగమంచు బిందువులు కాంతి తరంగాలకన్నా ఎన్నో రెట్లు పెద్దవి, ఏ రంగునైనా దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పసుపుతో కళ్లకు కాస్త హాయి, అంతవరకే. అసలు పని లైటు బిగించిన ఎత్తుది, వెలుగు కిందికి వంగే వాలుది.

రెండో ఏడాది బంపరు సొట్ట తీయించినప్పుడు ఆ సంగతి బాగా తెలిసొచ్చింది. షెడ్డులో లైట్లను బంపరు మీద నిలబెట్టకుండా కిందికి వేలాడదీసి బిగించారు. గ్లాసు మాత్రం తిప్పలేదు. దానిమీద అచ్చుపోసిన ‘టాప్’ అనే మాట తలకిందులైంది. మంచు లేని రాత్రుల్లో తేడా తెలియలేదు. మంచులో వేసేసరికి రోడ్డు మీద పడాల్సిన వెలుగు పైకి లేచి, హై బీమ్ కన్నా అన్యాయంగా తయారైంది. పైగా నీరు కారిపోవడానికి అడుగున ఉండాల్సిన సన్న చిల్లు పైకొచ్చింది. ముందు బండ్ల టైర్లు చిమ్మిన నీళ్లు అందులోంచి దిగి, వేలెడు మందాన నిలిచిపోయాయి. లోపలి వెండి పూత పొక్కిపోయి నల్లబడింది, కుడివైపు బల్బు పోయింది. బల్బు మారిస్తే సరిపోలేదు, ఆ లైటే కొత్తది వేయాల్సి వచ్చింది. బిగించాక ‘టాప్’ పైకే ఉందా, చిల్లు కిందికే ఉందా అని వేలు పెట్టి చూసుకోండి.

ఎత్తు నేలనుంచి 60 సెంటీమీటర్లు దాటనివ్వొద్దు. వాలు లోడుతోనే సరిచేయాలి, వెనక కుంగితే బండి ముక్కు లేస్తుంది. చదునైన చోట గోడకు 7.5 మీటర్ల దూరంలో ఆపి, లైటు నడి ఎత్తు ఎంతో గోడ మీద సుద్దతో గీసి, వెలుగు పై అంచు ఆ గీతకు 15 సెంటీమీటర్లు కిందుండేలా తిప్పాలి. 24 వోల్టుల మీద 70 వాట్ల బల్బులు రెండూ కలిసి 6 ఆంపియర్ల దాకా లాగుతాయి. స్విచ్చి బదులు కరెంటు భారం మోసే రిలే, 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, నేరుగా స్విచ్చికి కలిపితే స్విచ్చి కాలిపోతుంది. ఎర్త్ వైరు బండి ఇనుముకు బిగించే చోట పెయింటు గీకేయాలి.

ఈ లైట్లతో 25 మీటర్లు కనిపిస్తే గంటకు 40 కిలోమీటర్ల వేగం కూడా ఎక్కువే. బ్రేకు మీద కాలు పడేలోపే బండి 17 మీటర్లు పోతుంది, తడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 15 కావాలి. వేగం 30 అయితే ఏదో సరిపోతుంది.

వెనకొచ్చేవాడికి మాత్రం ఈ లైట్ల వల్ల ఒరిగేదేమీ లేదు. చేపల బండికి ఐసు నీళ్ల జిగురు టెయిల్ లైట్ల మీద, ఎర్ర టేపు మీద పేరుకుంటుంది, ఆగిన ప్రతిచోటా గుడ్డతో తుడవాలి. నడుస్తుండగా హజార్డు, అంటే ఇండికేటర్లన్నీ ఒకేసారి మిణికేది, వేయొద్దు. బండి ఆగి ఉందనుకుని పక్కకు లాగేస్తారు.

మాది ఐసు కరిగేలోపు దిగాల్సిన సరుకు, రాత్రి పరుగు తప్పదు కాబట్టి నాకు ఇవి కావాలి. సిమెంటు లోడుతో ఎండెక్కాక కదలగలిగేవాళ్లు ఈ డబ్బు వైపర్ బ్లేళ్లకు పెట్టుకున్నా నష్టం లేదు. మంచు మరీ దట్టమై బంపరు ముందు పది మీటర్లు కూడా కనిపించకపోతే మేమూ పెట్రోలు బంకులోకి తిప్పేస్తాం, రోడ్డు అంచున మాత్రం ఆపం.