తోట ట్రాక్టర్‌కు కొత్త బ్యాటరీ: నీళ్లు పోసేదా, సీల్డ్‌దా?

మామిడి, బత్తాయి తోటల్లో తిరిగే మినీ ట్రాక్టర్‌కు రోజూ పని ఉండదు. దున్నేటప్పుడు, మందు కొట్టేటప్పుడు నాలుగు రోజులు నడుస్తుంది, తర్వాత వారాల తరబడి షెడ్డులోనే. బ్యాటరీని తినేసేది ఆ ఖాళీయే. వాడకపోయినా ఛార్జి కొద్దికొద్దిగా దిగిపోతుంది, ఎండాకాలంలో ఇంకా తొందరగా. దిగినదాన్ని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత బలం రాదు.

తోట దగ్గరే ఉండేవాళ్లకు నా ఓటు నీళ్లు పోసే ట్రాక్టర్ బ్యాటరీకే. ధర తక్కువ. మూతలు తీసి హైడ్రోమీటర్ (యాసిడ్ చిక్కదనం కొలిచే గొట్టం) పెడితే లోపలి ఆరు సెల్స్‌లో (గదుల్లో) ఏది డౌన్ అయిందో తెలిసిపోతుంది. నెలకోసారి నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లు మాత్రం వద్దు, అందులోని లవణాలు ప్లేట్లను పాడుచేస్తాయి.

హైదరాబాద్‌లో ఉంటూ ఎప్పుడో ఒకసారి తోటకు వెళ్లేవాళ్లకు సీల్డ్ (మూతలు తెరవలేని బ్యాటరీ) నయం. నీళ్ల టెన్షన్ ఉండదు. అయితే కొనేముందు ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటర్ పెట్టి చూడండి. 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే సరే. 15 దాటుతుంటే ముందు రెగ్యులేటర్ (ఛార్జింగ్ వోల్టేజిని అదుపుచేసే భాగం) బాగుచేయించండి. ఓవర్‌ఛార్జింగ్‌తో లోపలి నీళ్లు ఆవిరైపోతే సీల్డ్‌లో మళ్లీ పోసే దారి లేదు. ఏది కొన్నా, ట్రాక్టర్ ఎక్కువ రోజులు ఆగిపోయేటప్పుడు మైనస్ వైరు తీసేయండి.

లిథియం తేలికే, కానీ ఖరీదెక్కువ. పైగా బరువు తగ్గడం ట్రాక్టర్‌కు లాభమేమీ కాదు. పాత బ్యాటరీకి రిపేరు చేసి అమ్మేవి అసలు వద్దు. మందు కొట్టాల్సిన ఉదయాన సెల్ఫ్ పట్టకపోతే ఆ రోజు కూలీల ఖర్చే ఎక్కువవుతుంది. కారు బ్యాటరీ కూడా వద్దు, ట్రాక్టర్ కుదుపులకు అది తట్టుకోదు.

ఆంపియర్ అవర్ (బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె) పాతదానికి తగ్గకూడదు, ట్రేలో పడితే కాస్త ఎక్కువున్నా ఇబ్బంది లేదు. ప్లస్ ఏ వైపుందో పాతదాని ఫొటో తీసుకెళ్లండి, అటుదిటైతే వైరు అందదు. షాపులోనే వోల్టేజి కొలిపించండి: 12.6 ఉండాలి. 12.4 కంటే తక్కువైతే చాలాకాలం ర్యాక్‌లో పడి ఉన్న సరుకన్నమాట, వేరేది అడగండి. పాత బ్యాటరీ వెనక్కిస్తే బిల్లులో తగ్గిస్తారు, దాన్ని ఇంట్లో వదిలి వెళ్లకండి.