కారు గాలి పంపు: రెండు ఎండాకాలాలు వాడాక

డిక్కీలో పెట్టుకునే చిన్న గాలి పంపును దారిలో పంక్చరు పడితే ఆదుకుంటుందని కొంటారు. విజయవాడలో రెండు ఎండాకాలాలు వాడాక నా లెక్క వేరు. దారిలో దాన్ని బయటికి తీసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అది అక్కరకొచ్చేది పొద్దున్నే, కారు ఇంకా గేటు దాటకముందు.

టైరులో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే పక్కనే అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది. ఆ అంకె చల్లటి టైరుకు, అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్న బండికి. బెంజి సర్కిల్ రద్దీలో ఆగుతూ సాగుతూ బంకుకు చేరేసరికే టైర్లు వేడెక్కుతాయి. అక్కడి కుర్రవాడు 33 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) వచ్చేదాకా కొట్టి, చెయ్యి ఊపుతాడు. మర్నాడు పొద్దున ఇంట్లో చూస్తే 30. అతని తప్పేమీ లేదు, కొలిచిన వేళే తప్పు.

మా చిన్న కారుకు స్టిక్కరు చెప్పేది 33 పీఎస్‌ఐ. మే నెలలో పొద్దున అంతే పెట్టుకుని గుంటూరు వెళ్లి మధ్యాహ్నం కొలిస్తే 37, 38 చూపింది. ఎండ పడుతున్న వైపు టైర్లలో ఇంకాస్త ఎక్కువే. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పీఎస్‌ఐ పెరగడం సహజం, దాన్ని చూసి గాలి వదలకూడదు. ఎండాకాలం టైరు పేలుతుందని ముందే గాలి తగ్గించే అలవాటు మన దగ్గర పాతుకుపోయింది. మా బావగారికి ఇప్పటికీ నచ్చజెప్పలేకపోయాను. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్క గోడలు ఎక్కువగా వంగుతాయి. ఆ వంగడమే లోపల వేడి పుట్టిస్తుంది. నలుగురు మనుషులు, నిండా సామానుతో 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా పోయేటప్పుడు భయపడవలసింది ఆ వేడికి.

పంపు ఖరీదు నాకు గిట్టుబాటైంది మాత్రం వెనక ఎడమ టైరు దగ్గర. మిగతా మూడింటిలో నెలకు ఒకటి రెండు తగ్గుతుంటే, దాంట్లో వారానికి మూడు తగ్గేది. కంటికి నాలుగూ ఒకేలా కనిపించేవి, మేకు జాడ లేదు. సబ్బు నురగ తీసి వాల్వు మీద పూస్తే, పిన్ను పక్కన ఆవగింజంత బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. పంక్చరు షాపులో పిన్ను మార్చారు, అంతటితో సరిపోయింది. అప్పుడప్పుడు బంకులో గాలి కొట్టించుకుంటూ పోతే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇక లోపాలు. మోత భరించలేం, అపార్టుమెంటులో పొద్దున ఆరు గంటలకు దీన్ని నడిపితే పై అంతస్తు వాళ్లు బాల్కనీలోకి వస్తారు. గొట్టం చివర మర బిగించేది కావడంతో, విప్పేటప్పుడు కాస్త గాలి పోతుంది. అందుకే నేను ఒక పీఎస్‌ఐ ఎక్కువే పెడతాను. ఎండలో తెర మీద అంకెలు కనబడవు. విడిగా కొన్న, గాలి ఒత్తిడి కొలిచే గేజితో పోలిస్తే ఇది ఒకటి ఎక్కువ చూపుతోంది, కాబట్టి గేజి కూడా కొనుక్కోవాలి. పది నిమిషాలు దాటి నడిపితే ఇత్తడి మూతి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. సన్నటి తాత్కాలిక స్టెప్నీ ఉన్నవాళ్లు ఇది గమనించాలి: దాంట్లో మామూలుగా 60 పీఎస్‌ఐ ఉండాలి, మధ్యలో పంపును ఆపి చల్లార్చక తప్పదు. ఆ స్టెప్నీని నెలల తరబడి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

పంపు చేయలేని పనులూ ఉన్నాయి. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టప్రకారం టైరు మార్చాలి. గాడుల అడుగున ఉండే చిన్న రబ్బరు దిమ్మెలు పైభాగంతో సమానమైతే ఆ హద్దు వచ్చినట్టే. వానాకాలం ముందు వాటిని ఒకసారి చూడండి. టైరు పక్కన నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. కొత్త టైరు బిగించే ముందు ఆ ముద్ర చూపించమని అడగండి.

పంపు కొనేవాళ్లు ముందు తీగ పొడవు చూడండి. ముందు సీట్ల దగ్గరి సాకెట్ నుంచి వెనక చక్రం దాకా అందాలి. మర మూతి కాక, నొక్కి బిగించే క్లిప్పు మూతి దొరికితే అదే తీసుకోండి.